ఉప్పు లేని జిగురు

కొబ్బరిచెట్టు కాండానికి చెవి ఆనించి మాలిని మళ్ళీ విన్నది. కర, కర, కర. లోపల పురుగులు నములుతూనే ఉన్నాయి.

సోమవారం పెట్టిన మందు ఈ గురువారానికి పనిచేసి ఉండాలి. చప్పుడు ఆగకపోతే ఆదివారం పొద్దున చెట్టు కొట్టించేస్తానని నాన్న రఘురామన్, చెట్లు కోసే రంపం పళనిసామికి చెప్పేశాడు. ఆయన భయం ఆయనది. ఎర్రముక్కు పురుగులు రెక్కలొచ్చి ఎగిరితే తోటంతా పోతుంది. ఈ గడువు కూడా మాలిని బతిమాలి తెచ్చుకున్నదే.

మందంటే విషం కాదు. చింతగింజల పిండి ఉడికించి చల్లార్చితే తాటిముంజలా వణికే జిగురు వస్తుంది. అందులో కంటికి ఆనని నులిపురుగుల్ని కలిపి చెట్టు తొర్రల్లో కూరింది. జిగురు తడి ఆరనివ్వదు. ఆ తడిలో అవి పాకిపోయి, కాండం తినే పిల్లపురుగుల్లో దూరి చంపుతాయి; అలా చచ్చిన పురుగు ఇటుకరంగుకు తిరుగుతుంది. ఆ నులిపురుగుల్ని కోయంబత్తూరు ల్యాబ్‌లో అడిగి తీసుకుని, గాంధీపురంలో బస్సెక్కి, డబ్బా మీద తడిగుడ్డ కప్పి ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. దారిలో ఎండకే చచ్చాయా? అన్నం ముందు కూర్చున్నా మధ్యలో లేచి వచ్చి వినేది.

ఇక ఉండబట్టలేక పుల్లతో తొర్రలోని జిగురు గోకి తీసింది. ఎండి, అంచున తెల్లగా పొడి కట్టి ఉంది. నాలుక కొసకు తగిలించింది. ఉప్పు!

వంటింట్లోకి పరుగెత్తింది.

"అవ్వా, నేను ల్యాబుకు పోయినప్పుడు పిండి నువ్వే కదా కలియబెట్టినావు? ఏమన్నా వేసినావా?"

"ఏం వేస్తినే? పిండీ, నీళ్ళూ, ఉప్..." మీనాంబాళ్ చెయ్యి నోటికి పోయింది. "అయ్యయ్యో! దినామూ కూళు, అంబలి కాచే కుండ కదే. చెయ్యే వేసేసిండాది."

"ఎంత?"

"ఒక పిడికెడు."

"పురుగులకు సాపాటు వండినావా అవ్వా! ఉప్పుకు అవి బతకవు."

"ఉప్పు లేకుంటే ఎవరే తింటారు?" అంటూనే అవ్వ కుండ కడగడానికి ఎత్తుకుంది.

ఫ్రిజ్‌లో సగం నులిపురుగులు మిగిలి ఉన్నాయి. అవ్వ ఉప్పుజాడీ ఎత్తుకెళ్ళి పూజగదిలో పెట్టి వచ్చి, మళ్ళీ పిండి కలిపింది. తొర్రలు కడిగి, కొత్త జిగురు కూరి, పైన తడి గోనె కట్టారు.

శుక్రవారం చప్పుడు. శనివారం ఉందో లేదో తేల్చుకోలేకపోయింది. తన చెవిలో తన గుండే కొట్టుకుంటోంది.

ఆదివారం పళనిసామి రంపంతో వచ్చాడు. రఘురామన్ చెట్టుకు చెవి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు.

"ఏమీ వినబడలేదే," అన్నాడు. నమ్మక, కొక్కెం కట్టిన తీగను తొర్రలోకి దూర్చి లాగాడు. బొటనవేలంత పురుగు బయటపడింది. ఇటుకరంగులో, మెత్తగా, కదలకుండా. ఇంకోటి లాగాడు. అదీ అంతే.

"పళనీ, కాపీ తాగి పో. రంపం ఈరోజు వద్దు."

"ఉప్పు లేకున్నా బాగానే తినిండాయి!" అన్నది అవ్వ గుమ్మంలోనుంచి.

అందరూ నవ్వారు. మాలిని అప్పటికే పక్కచెట్టుకు చెవి ఆనించి ఉంది.