ఒక్క గుమ్మం కూడా వదలం

క్రిస్మస్ క్యారల్స్ పాడుతూ ఇంటింటికీ బయలుదేరితే ఒక్క గుమ్మం కూడా దాటేయకూడదన్నది మా సంఘం పద్ధతి. తలుపు తీసేదాకా పాడాలి, తీశాక ఇంట్లోవాళ్ల పేర్లడిగి ప్రార్థన చేయాలి. కొత్తగూడెం బొగ్గుగని క్వార్టర్లలో పాటలమ్మ సంపూర్ణ అంటూ నన్ను తిట్టుకోని ఇల్లు లేదు. తిట్టుకోనీ.

రెండువేల ఆరు డిసెంబరులో సబ్‌జైల్లో పాడమని మమ్మల్ని పిలిచారు. ముఖ్య అతిథి జడ్జిగారు. ఆ సంగతి తెలిసి జంపక్క ములకలపల్లి అవతలి అడవిపల్లె నుంచి వచ్చింది. ఏటా మాకు చీపుర్లు అమ్మే మనిషి. ఆమె భర్త సీతయ్య పోడు భూమి కేసులో ఆ జైల్లోనే ఉన్నాడు.

“ములాఖత్‌కు పోతే లేడంటున్నరు అక్కా. పెద్ద జైలుకు పంపినం అంటరు. ఆడికి పోతే మాకాడ లేడంటరు. బెయిల్ మీదొచ్చిన మా ఊరాయన చెప్పిండు, ఎనక గదిల ఒక్కన్నే ఏసిండ్రంట. అన్నంల పురుగులున్నయని ఈ జడ్జికే చెప్పిండని జైలరుకు పగ. బతికున్నడో లేడో సూసిరా.”

నాకు ఒళ్లు మండిపోయింది.

జైల్లో ఖైదీలకు తలలు దువ్వి మరీ వరుసల్లో కూర్చోబెట్టారు. జడ్జిగారు కేకు కోశారు.

“అందరు వీళ్లేనా సార్?” అని జైలరును అడిగాను.

“అందరు వీళ్లేనమ్మా. పాడండి.”

పాడుతూనే నడక మొదలుపెట్టాను. డప్పుతో సంసోను, వెనక మావాళ్లు. ప్రతి బ్యారక్ గుమ్మం ముందూ ఆగి పాడాం. జడ్జిగారు ముచ్చటపడి మాతోనే నడిచారు. వంటగది వెనక ఇనుప తలుపు దగ్గర జైలరు అడ్డం వచ్చాడు.

“అది స్టోర్ రూమమ్మా. బియ్యం బస్తాలుంటయ్.”

“బస్తాలకు గూడ పాడుతం. గుమ్మం ఉన్నది గద సార్.”

పాట మీద పాట ఎత్తుకున్నాం. జైలరు ముఖాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. “ఇగ చాలు, ఆపండి” అన్నాడు.

“తలుపు తీస్తే ఆపుతం.”

భయం వేయలేదా అంటే వేసింది. గనిలో మా ఆయన ఉద్యోగానికి ఎసరు పెడతారేమో అనిపించింది. అయినా గొంతు పెంచాను.

లోపలి నుంచి ఎవరో తలుపు బాదారు. సంసోను డప్పు ఆపాడు. బాదడం మాత్రం ఆగలేదు.

“బస్తాలు తలుపు కొడతాయా?” అన్నారు జడ్జిగారు. “తాళం తీయండి.”

తలుపు తెరవగానే కంపు గుప్పుమంది. ఎముకల గూడులాంటి మనిషి వెలుతురుకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

“మతి సక్కగ లేదు సార్, అందుకే...” అంటున్నాడు జైలరు. నేను పూర్తి కానివ్వలేదు. మా పద్ధతిలో సగం ఇంకా మిగిలే ఉంది.

“అన్నా, ఈ ఇంట్ల ఎవరుంటరు? ప్రార్థనకు పేరు గావాలె.”

అతను జడ్జిగారి వైపే చూశాడు. ఈయన ముందు నోరు విప్పినందుకే ఈ గదిలో పడ్డాడు. మళ్లీ విప్పుతాడా?

“సీతయ్య” అన్నాడు గట్టిగా. “అన్నంల ఇంకా పురుగులే ఉన్నయ్ సార్.”