కోరపన్ను వేరు

గ్రహణాలూ గిహణాలూ మనకెందుకని కొట్టిపారేసే ఎవాంజెలిన్, కోడలు జయశీల విషయంలో మాత్రం వాటికి మినహాయింపు ఇచ్చింది. "మేం నమ్మం గానీ, ఆ గ్రహణం పొద్దు కడుపుతో ఉండి వంజరం చేప కొయ్యమని నీకెవురు చెప్పినారు మే?" అని తొమ్మిదేళ్ళుగా అడుగుతూనే ఉంది. కొయ్యమన్నది తనేనన్న సంగతి ఆమెకు గుర్తు లేదు. మనవరాలు షారన్ గ్రహణమొర్రితో పుట్టింది. పసితనంలోనే పెదవి కుట్టారు, ఆ తర్వాత అంగిలి; పై పళ్ళ ఎముకలో చీలిక మాత్రం మిగిలింది. బోగోలులోని ఆ ఇంట్లో చేప తోమిన ప్రతిసారీ జయశీల తన చేతులకేసి అనుమానంగా చూసుకునేది.

ఇవాళ నెల్లూరులో పళ్ళ డాక్టరమ్మ భానుప్రియ, షారన్ ఎక్స్‌రేని వెలుతురుకు పెట్టి చూపించింది. చీలిక లేని వైపు కోరపన్నుకు వేరు బాగా పెరిగింది. చీలిక ఉన్న వైపు పన్ను ఇంకా చిగుళ్ళ లోపలే ఉంది, దాని వేరూ వెనకబడింది. పిల్ల నోట్లో ఇంత కథ నడుస్తోందా అని జయశీల కుర్చీ ముందుకు జరుపుకుంది.

"ఈ వేరు కడుపులోనే మొదలవుతుందా మేడం?"

"లేదమ్మా. పుట్టినాక కొన్నేళ్ళకి. ఇదిగో, ఇప్పుడు కూడా పెరుగుతానే ఉంది."

"మరి పెదవి?"

"అది రెండో నెల్లోనే అతుక్కోవాల."

గ్రహణం వచ్చింది ఏడో నెలలో. రెండో నెలలో కడుపుతో ఉన్నానన్న సంగతే తనకు సరిగా తెలీదు. ఇన్నేళ్ళూ ఈ ఒక్క ప్రశ్న ఎవరినీ ఎందుకు అడగలేదని జయశీలకు తనమీద తనకే ఒళ్ళు మండింది. మండుతూనే ఇంకోటి అడిగింది.

"మీరు చెప్పిన ఎముక ఆపరేషన్‌కి, వేరు మొత్తం పెరిగేదాకా ఆగితే?"

"ఆగకూడదు. పన్ను చీలికలోకి దిగకముందే తుంటి ఎముక కొంచెం తీసి అక్కడ నింపాల. వచ్చే నెల చేస్తే పన్ను దాంట్లోంచి దిగి గట్టిగా నిలబడద్ది. ఆలస్యమైతే ఆ పన్ను నిలిచేది కష్టం."

తల్లితో మాట్లాడుతున్న ఫోన్ చేతిలో పట్టుకునే జయశీల మొగుడు టైటస్ లోపలికొచ్చాడు. సంగతి విని తల అడ్డంగా ఊపాడు.

"వచ్చే నెల తమ్ముడి పెళ్ళి గదా. ఇల్లంతా చుట్టాలు. నువ్వు ఆసుపత్రిలో కూచుంటే వండేదెవురు, వడ్డించేదెవురు? ఎండాకాలం చూద్దాంలే."

ఆపరేషన్‌కి అడ్డం తన రెండు చేతులేనన్నమాట. ఆ ఇంటికి తను ఇంత అవసరమని ఇన్నాళ్ళూ ఒక్కరూ చెప్పలేదే అని జయశీలకు నవ్వొచ్చింది. ఫోన్ అందుకుంది. అవతల ఎవాంజెలిన్ ఇంకా మాట్లాడుతూనే ఉంది.

"అత్తా, షారన్ పన్ను పెళ్ళయిందాకా ఆగదంట. వంటకి ఎవురినన్నా మాట్లాడుకోండి. నేను పిల్ల దగ్గరుంటా."