లారీలు మోకరిల్లే షెడ్డు

గులాం రసూల్ పొద్దుటి నమాజు ముగించుకుని లాల్‌దర్వాజాలోని తన రేకుల షెడ్డు తెరిచేవాడు. బల్ల మీద తెల్లబట్ట పరిచి ఆకురాళ్లు, కత్తి, టంకం కడ్డీ వరసగా పెట్టుకునేవాడు. రెండో ప్రపంచ లడాయి అయిపోయాక లష్కర్ కంటోన్మెంటులో పాత ఫౌజీ లారీలను హర్రాజు వేస్తున్నారు. కొన్నవాళ్లంతా బ్యాటరీ తీగలు వేయించడానికి ఆయన దగ్గరికే తెచ్చేవాళ్లు.

ఆయన మోకాళ్లు పట్టేసి పదేళ్లయింది. వంగలేడు, ఎక్కలేడు. అందుకని లారీలే వంగేవి. ఆయన పక్కకు రాగానే ముందు చక్రాలు ముడుచుకుని, ఒంటెల్లాగా మోకరిల్లి, బ్యాటరీని ఆయన చేతికందే ఎత్తుకు దించేవి. పని సరిగా పూర్తయ్యాకే లేచేవి. ఇంకెవరి ముందూ అలా వంగింది లేదు. షెడ్డు ముందు ఉడకబెట్టిన శనగ గుడాలమ్మే చంద్రమ్మ, లారీ ముక్కు దిగుతుంటే గంప పక్కకు జరుపుకునేది, అంతే.

ఒక రోజు గుత్తేదారు బాబురావు, తళతళలాడే కొత్త రంగు వేసిన లారీని కూలీలతో నెట్టించుకుని వచ్చాడు. స్టీరింగు దగ్గర ఇస్సాకు ఉన్నాడు. లడాయిలో అలాంటి లారీలే తోలినవాడు. ఫౌజు వదిలేసినప్పటి నుంచి ఎనిమిది నెలలుగా పని లేదు. భార్య సుందరమ్మ రాళ్లు మోస్తే ఇల్లు గడుస్తోంది. ఈ పూట లారీ స్టార్టయితే రేపటి నుంచి నువ్వే డ్రైవరువని బాబురావు మాటిచ్చాడు.

లారీ మోకరిల్లింది. గులాం రసూల్ పాత తీగ కోసి చూపించాడు. పైన రబ్బరు బాగానే ఉంది, లోపల రాగి పోగులు నల్లబడ్డాయి. బొటనవేలంత లావున్న కొత్త తీగ తీశాడు. సన్నతీగతో లైటు వెలుగుతుందిగాని బరువైన ఇంజను తిరగదన్నాడు. పోగులకు కళాయి పూసి, తీగ కొసకు తొడిగే రాగి టోపీలో దూర్చి, సందు లేకుండా టంకం నింపాడు. చల్లారాక రెండు చేతులతో లాగి చూశాడు. ఇస్సాకు రెప్ప వేయకుండా చూస్తూ నిలబడ్డాడు. ఫౌజులో ఇంగ్లీషు మేస్త్రీలను చూశాడుగాని ఇంత ఓపిక ఎక్కడా చూడలేదు.

మిగిలింది బ్యాటరీని బండి ఇనుప చట్రానికి కలిపే ఎర్త్ తీగ. దాన్ని బిగించే చోట రంగు గీకి ఇనుము తేల్చాలన్నాడు గులాం రసూల్. బాబురావు ఒప్పుకోలేదు. మధ్యాహ్నం పెద్ద ఇంజనీరు చూడటానికి వస్తాడట, రంగు మీద గీత కూడా పడొద్దట.

"రంగు మీద నేను బిగించ," అని గులాం రసూల్ కత్తి కింద పెట్టి, నమాజు వేళయిందని లోపలికి వెళ్లాడు.

బాబురావు ఇస్సాకు వైపు తిరిగి బిగించమన్నాడు. ఇస్సాకు కళ్ల ముందు సుందరమ్మ తల మీది రాళ్ల గంప మెదిలింది. రంగు మీదే బోల్టు బిగించాడు. లైటు వెలిగింది, హారను మోగింది, ఇంజను కూడా అందుకుంది. లారీ మాత్రం లేవలేదు.

"దీనికేం రోగం?" అన్నాడు బాబురావు.

"రోగం బండికి లేదు సేటూ," అంది చంద్రమ్మ. "ఎవలికున్నదో చెప్తే నువ్వు నా గుడాలు కొనవు."

ఇస్సాకు తను బిగించిన బోల్టు వైపు చూశాడు. ఈ రోజు నడుస్తుంది. నెల రోజులు కుదుపులు తిన్నాక రంగు నలుగుతుంది, సందులోకి నీళ్లు దిగుతాయి, తుప్పు పడుతుంది. నిండు బరువుతో ఏ ఎత్తు మీదో బండి ఆగిపోతుంది. రంగు అందరికీ కనిపిస్తుంది. దాని కింద ఏముందో బిగించినవాడికే తెలుసు. అతను భుజం మీది రుమాలు గోడకు తగిలించి, బోల్టు విప్పి కత్తి తీసుకున్నాడు.

"గీకినవంటే రేపు రావొద్దు," అన్నాడు బాబురావు.

"రాను సేట్. గని దీన్ని గిట్ల ఇడిసిపెట్టి పోను."

ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకాడు. ఆకురాయితో చదును చేసి, తీగ బిగించి, పైన గ్రీజు పూశాడు. లారీ నెమ్మదిగా లేచి నిలబడింది. కూలీల్లో బండి తోలడం వచ్చినవాడిని ఎక్కించుకుని బాబురావు వెళ్లిపోయాడు.

ఇస్సాకు చేతులు కడుక్కున్నాడు. ఇంటికి వెళ్లి ఏం చెప్పాలో తోచలేదు. గోడకు తగిలించిన రుమాలు తీసి భుజాన వేసుకుని బయటికి నడిచాడు. వాకిట్లో తన వంతు కోసం ఇంకో లారీ ఆగి ఉంది. అతను దాని పక్కగా వెళ్తుంటే, చంద్రమ్మ గంప జరుపుకుంది.

ముందు చక్రాలు ముడుచుకుని లారీ ఇస్సాకు ముందు మోకరిల్లింది.

గులాం రసూల్ నమాజు ముగించి గడపలోకి వచ్చాడు. లారీని చూశాడు, ఇస్సాకు కాళ్ల వైపు చూశాడు.

"నీ మోకాళ్లు మంచిగనే ఉన్నయి గదా," అన్నాడు. తర్వాత బల్ల మీది ఆకురాయి తీసి అతని వైపు చేయి చాచాడు. "బండి ఎంతసేపు వంగి ఉంటది పాపం? రా."

ఇస్సాకు లోపలికి వచ్చి, రుమాలు మళ్లీ గోడకు తగిలించాడు.