పండుకున్న అంచు

హేమావతికి బస్సులో కాలు నిలవడం లేదు, చెయ్యి నిలవడం లేదు. గోనెగండ్ల దాటేలోపే ఒళ్లో ఉన్న గుడ్డసంచిని ఐదుసార్లు తడిమింది. సంచిలో లాప్‌టాప్ ఉంది. లాప్‌టాప్‌లో ఆమె పది రోజులు కూర్చుని గీసిన చింతాకు అంచు ఉంది. పదకొండింటికి కర్నూలులో నేతసంఘం వాళ్లకు చూపించాలి. వాళ్లు ఒప్పుకుంటే మామ శేషన్న మగ్గం మళ్లీ ఆడుతుంది. లేదంటే విప్పి అటకెక్కించడమేనని ఇంట్లో ఎప్పుడో తేల్చేశారు. ఆ శేషన్న పక్క సీట్లోనే కూర్చుని, తనకేమీ పట్టనట్టు కిటికీలోంచి ఎండిన చేలు చూస్తున్నాడు.

పొద్దున ఎమ్మిగనూరులో కరెంటు లేదు. ఇంట్లో మూత వేసి లాప్‌టాప్‌ను నిద్రపుచ్చేసరికి చార్జింగ్ పదకొండు శాతం. నిద్రపోయేదానికి తిండెందుకులే అని అప్పుడు ధైర్యం చెప్పుకుంది. ఇప్పుడేమో సంచి వెచ్చగా తగులుతోంది. అసలు భయం వేరే ఉంది. ఆ అంచును ఆమె ఒక్కసారి కూడా సేవ్ చెయ్యలేదు.

మతిమరుపేమీ కాదు. పుట్టింట్లో, మెట్టింట్లో ఆమె చూసిందంతా మగ్గమే. మగ్గం మీది చీరను సగంలో ఎవరూ కొయ్యరు. చీకటిపడితే పైన గుడ్డ కప్పి లేస్తారు, తెల్లారాక తీసి ఆపిన పోగు దగ్గరే మొదలుపెడతారు. ఈమె కూడా పది రోజులూ మూత వేస్తూ తీస్తూ గడిపింది. సేవ్ చేసి, పేరు పెట్టి, షట్ డౌన్ కొట్టడమంటే చీరను మధ్యలో కోసినట్టే అనిపించేది. కొంగు దగ్గర ఇంకా రెండు ఆకులు మిగిలే ఉన్నాయి మరి. డిగ్రీ చదివిన పిల్లే, ఏం లాభం.

ఉండబట్టలేక, కడపలో తనకు డిజైన్లు నేర్పిన నాగలతకు ఫోన్ చేసింది. హైబర్నేట్ అయినా పెట్టుకున్నావా, అదైతే ఆగిపోయే ముందు పనంతా డిస్కులో రాసి పెట్టుకుంటుంది కదా అని నాగలత అడిగింది. అది ఎక్కడుంటుందో కూడా తెలియదంది హేమావతి.

"ఏం పిల్లవమ్మా నువ్వు. అది పండుకున్న్యా చార్జింగ్ తింటానే ఉంటాది. అయిపోయిందంటే పది దినాల పనీ పోతాది. ఇప్పుడే తెరిచి సేవ్ చెయ్. ఆమైన షట్ డౌన్ చెయ్."

తెరవగానే వెలుతురు తగ్గించి బ్యాటరీ సేవర్ పెట్టమని, సంఘంలో చార్జింగ్ పెట్టుకోవచ్చని కూడా చెప్పి నాగలత ఫోన్ పెట్టేసింది. హేమావతి సంచి విప్పింది, మళ్లీ కట్టింది. తెరిస్తే ఉన్న కాస్త చార్జింగూ పోతుందేమో. తెరవకపోతే లోపలే ఆరిపోతుందేమో. ఏడుపొచ్చింది. కోడుమూరులో బస్సు ఆగినప్పుడు, అడగకూడదనుకుంటూనే అడిగేసింది.

"మామా, చీర సగంలో కోస్తే ఏమైతాది?"

శేషన్న కిటికీ వైపు నుంచి మొహం తిప్పకుండానే చెప్పాడు.

"నీ మొగుడు పుట్టిన దినం చుట్టేకి మెత్తని గుడ్డ ల్యాకుంటే, మగ్గం మీది చీర మూడు గజాలకే కోసినా. మీ అత్తకు తప్ప ఎవురికీ తెల్దు."

"మగ్గానికేమైనా అయిందా?"

"దానికేమైతాది. రెండు దినాలు పోగులు అతుక్కుంటా కూకున్న్యా, అంతే."

హేమావతి లాప్‌టాప్ తీసి మూత ఎత్తింది. నాలుగు శాతం. వెలుతురు తగ్గించింది, సేవర్ పెట్టింది. రెండాకులు తక్కువైన అంచు అలాగే ఉంది. సేవ్ నొక్కితే పేరు అడిగింది. చింతాకు అని కొట్టింది. అంకె మూడుకు దిగింది. అలవాటు కొద్దీ చెయ్యి మూత మీదికి పోయింది. వెనక్కి లాక్కుని షట్ డౌన్ నొక్కింది. తెర నల్లబడింది, లోపలి గరగర ఆగింది, అంచున వెలిగే చిన్న దీపం కూడా పోయింది.

శేషన్న వంగి చూశాడు. "పండుకున్న్యాదా?"

"ల్యా మామా. కోసినా."