ఇంజను వెనక జానెడు చోటు

చెయ్యి మోచేతి దాకా లోపలికి వెళ్ళాక తడుముడు మామ కళ్ళు మూసుకున్నాడు. ఎలాగూ కనపడని చోటికి కళ్ళెందుకని అతని ఉద్దేశం. కొండదారుల్లో తిరిగే పాతకాలపు జీపు అది. ఇంజనుకీ దాని వెనక ఇనుపగోడకీ నడుమ జానెడు చోటు. వేడినీళ్ళను ఇంజను నుంచి హీటరుకు మోసే రబ్బరు గొట్టం ఆ సందులోనే వంపు తిరిగి కిందికి దిగుతుంది. అది ఎక్కడో చిట్లింది. బండి నిండా ఆ నీళ్ళలో కలిపే కూలెంటు తియ్యటి వాసన, అద్దం మీద జిడ్డు ఆవిరి.

బండి పశువుల డాక్టరమ్మది. పొద్దున్నే తాళం చేతికిస్తూ చెప్పింది. "నిన్న తల బయటపెట్టి నడుపుకుంటూ దిగాను. సాయంత్రం మళ్ళీ పైకెళ్ళాలి. ఈనలేక అవస్థపడుతున్న ఆవు ఒకటుంది."

షెడ్డు మేనల్లుడిది. "హీటరు వదిలేసి ఆ రెండు గొట్టాలూ కలిపేద్దాం మామయ్యా. చిటికెలో అయిపోతుంది" అన్నాడు.

"ఆ చలిలో అద్దం మసకేస్తే ఆవిడ లోయలో తేలుతుంది. నువ్వెళ్ళి కొత్త గొట్టం పట్రా. ఎక్కడ పోయిందో నేను చూస్తాను."

చూడడమంటే అతని భాషలో తడిమి చూడడం. ఆ పేరు అందుకే వచ్చింది. బళ్ళను కొండలెక్కించాడే గాని తను మటుకు షెడ్డు వీధి దాటి పెద్దగా వెళ్ళింది లేదు. విప్పి చూడడానికి ఏదో ఒకటి ఉంటే చాలు. పెళ్ళయిన కొత్తలో అత్తవారింట ఆగిపోయిన గడియారం ముందేసుకుని, భోజనానికి ఎంత పిలిచినా లేవలేదని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

వేళ్ళకు ఏదో అడ్డం తగిలింది. రబ్బరో ఇనుమో తెలియలేదు. ఇంకాస్త లోపలికి తోశాడు. తెలియలేదు. చెయ్యి బయటికి తీసి చూస్తే చూపుడువేలు తెగి రక్తం కారుతోంది. నొప్పి లేదు. పరాయివాడి వేలును చూస్తున్నట్టు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

కొన్ని నెలలుగా ఇంతే. మొదట చిటికెనవేలు, తర్వాత దాని పక్కది. చొక్కా గుండీలు చూసి పెట్టుకుంటేగాని పడడం లేదు. నరాలు చచ్చుబడుతున్నాయి, ఇక తిరిగిరావన్నాడు డాక్టరు. మామ ఎవరికీ చెప్పలేదు. రోజూ నిద్ర లేవగానే వేళ్ళను గోడకు రాసి, స్పర్శ ఎందాకా పోయిందో చూసుకునేవాడు, లీకు వెతికినట్టే.

వెనకవీధిలో బట్టలు కుట్టే భార్య ఎప్పటిలాగే క్యారియరు తెచ్చింది. రక్తం చూసి, గుడ్డపీలిక చింపి కట్టింది.

"తెగిందని తెలిసిందా?"

"చూస్తే తెలిసింది."

"మొన్న పొయ్యిమీది గిన్నె ఉత్త చేత్తో దింపారు. అప్పుడే అనుకున్నాను."

"మరి అడగలేదేం?"

"మీరే చెప్తారేమోనని చూశాను." కట్టు ముడివేసి, జాకెట్టు చెయ్యి భుజం దాకా మడిచింది. "ఏదీ, జరగండి."

అతను వద్దనబోయి ఆగాడు. ఆ చెయ్యి సన్నది. చీకట్లో కూడా సూదిలో దారం ఎక్కించే చెయ్యి.

"ఏం తగులుతోంది?"

"తడిసిన చెప్పులా ఉంది."

"అదే గొట్టం. దాని వెంటే కిందికి పో. చివర ఇనుప పట్టీ ఉండాలి."

"ఉంది. మర తల గోడవైపు తిరిగుంది. ఏ బుద్ధిమంతుడు బిగించాడో."

"నేనే."

ఆవిడ నవ్వితే బానెట్టు కూడా కదిలింది. తర్వాత ఉన్నట్టుండి నవ్వాపింది. "ఇక్కడ చిట్లింది. గోడకి గుండ్రంగా బొడిపె ఉంది, దానికి ఒరుసుకుని అరిగిపోయింది. ఏమిటిది?"

"నాకూ తెలీదు. ఈ రకం బళ్ళన్నిటికీ ఉంటుంది. ఎన్నిసార్లు తడిమానో."

"ఎవర్నీ అడగలేదా?"

"అడిగితే చెప్పేస్తారేమోనని."

మేనల్లుడు కొత్త గొట్టంతో వచ్చి, అత్తయ్య బండిలోకి వంగి ఉండడం చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. తర్వాత గొట్టాన్ని వేడినీళ్ళలో నానబెట్టి, సబ్బు రాసి అందించాడు.

"పాతదాన్ని లాగకు" అన్నాడు మామ. " లోపలి ఇత్తడి గొట్టం విరిగితే హీటరే పోతుంది. బ్లేడుతో నిలువునా చీరు, కుట్టు విప్పినట్టు."

"అది నాకు చెప్పాలా" అంది ఆవిడ.

బొడిపెకు పాత ట్యూబు ముక్క అంటించి, కొత్త గొట్టం ఎక్కించి, ఈసారి మర తల పైకి వచ్చేలా పట్టీ బిగించింది. నీళ్ళు పోసి ఇంజను తిప్పారు. ముందు చల్లగాలి వచ్చింది. మామ వేళ్ళు చాచబోయి, గుర్తొచ్చి, వంగి చెంప ఆనించాడు. కాసేపటికి వెచ్చబడింది.

డాక్టరమ్మ వచ్చి, మసిపట్టిన మామ భార్య చేతిని వింతగా చూసింది. "మీరు చేశారా? చూడకుండానే?"

"ఈయన చెప్తుంటే చేశాను."

"నా పనీ ఇంతేనండీ. లోపల చెయ్యి పెట్టి కళ్ళు మూసుకోవడమే. కాలు తగిలిందో తల తగిలిందో చెయ్యే చెప్పాలి." అని బండెక్కి వెళ్ళిపోయింది. అద్దం తేటగా ఉంది.

మామ పనిముట్లు తుడిచి సర్దాడు. "రేపట్నుంచి నేను రానురా" అన్నాడు.

మేనల్లుడు అతని వేలికున్న కట్టు వైపు చూశాడు. "ఎప్పుడైనా ఏదైనా తెలియకపోతే?"

"ఇల్లు వెనకవీధేగా."

భార్యాభర్తలు నడుస్తున్నారు. ఆవిడ అరచెయ్యి వాసన చూసుకుంది. "ఈ తీపి వాసన సబ్బుకి పోతుందా?"

"తొందరగా పోదు."

"ఇంతకీ ఆ బొడిపె ఎందుకై ఉంటుందంటారు?"

అతను వీధి మధ్య ఆగి, ఇన్నేళ్ళుగా అనుకుంటున్నవి ఒక్కొక్కటే చెప్పసాగాడు.

షెడ్డు తలుపు వెనక మేకుకు అతని పనిచొక్కా వేలాడుతోంది. ఏళ్ళ జిడ్డుకు బిరుసెక్కి, కుడి చెయ్యి మోచేతి దగ్గర లోపలికి వంగి, అలాగే నిలిచి ఉంది.