సెకిట్టో రాసిన షరతు

కంపాలాలో వండేగెయా కూడలి దగ్గర, ఒక మేడ మీది గదిలో కూర్చుని సెకిట్టో తొమ్మిదేళ్లుగా ఒకే ప్రోగ్రామును సాకుతున్నాడు. మారుమూల ఆసుపత్రులను రేడియోలతో కలిపే నెట్‌వర్క్ ప్రోగ్రాము అది. ఉచితం, ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. ఒకచోట కొత్త కంప్యూటరుంటే ఇంకోచోట ఎవరో దానమిచ్చిన పాత రౌటరుంటుంది. అన్నిటి మీదా నడవాలి కాబట్టి కోడు నిండా షరతులే: ఈ యంత్రమైతే ఈ వరుసలు తీసుకో, కాకపోతే ఆ వరుసలు. నాలుగు వందల పైచిలుకు. ఏది ఎందుకుందో సెకిట్టోకి తప్ప ఎవరికీ తెలీదు. అదంటే అతనికి లోలోపల మహా ఇష్టం.

అలాంటిది, బుసియా నుంచి నబ్విరె అనే అమ్మాయి ఒక మార్పు పంపింది. షరతులన్నీ ఏరి, యంత్రానికొక ఫైలు చేసి అందులో సర్దేసింది. అసలు కోడులో పదకొండే మిగిలాయి.

"అబ్బ, ఇప్పుడు నాక్కూడా అర్థమవుతోందయ్యా!" అన్నాడు పక్క కుర్చీలో పనిచేసే ఓపియో, చపాతీలో చుట్టిన గుడ్డట్టు నములుతూ.

సెకిట్టోకి కడుపు మండిపోయింది. మూడు వారాలు ఆ మార్పును తొక్కిపెట్టాడు. ఇక్కడ ఖాళీ ఎక్కువైందన్నాడు, అక్కడ పేరు బాగోలేదన్నాడు. ఆమె ప్రతిసారీ "అలాగే సెబో" అని, అంటే అక్కడి మాటలో అలాగేనయ్యా అని, దిద్ది పంపేది. ఆ మర్యాద చూస్తే ఇంకా ఒళ్లు మండేది.

"అత్తగారిలా ఏంటా ఆరళ్లు?" అన్నాడు ఓపియో.

"పాత రౌటరు మీద ఇది చచ్చినా నడవదు. చూస్తూండు."

బీరువా మీంచి రెండు పాత రౌటర్లు దింపి, దుమ్ము దులిపి, పరీక్ష పెట్టాడు. నడిచింది. ఆరేళ్లుగా ఆ రకం రౌటర్లలో పది సందేశాలకొకటి మాయమయ్యేది. పాత సామాను, అంతే అని అందరికీ సర్దిచెప్పేవాడు. ఇప్పుడు ఒక్కటీ పోలేదు.

కొత్తదీ పాతదీ పక్కపక్కన పెట్టి పోల్చాడు. ఆ రౌటరు కోసం తాను రాసిన షరతులో, యంత్రం పేరులో ఒక అక్షరం తప్పు. కోడును యంత్రభాషలోకి మార్చే కంపైలరు ఇలాంటిది పట్టుకోదు; అలాంటి యంత్రం లేదనుకుని కింది వరుసల్ని గమ్మున వదిలేస్తుంది. ఆరేళ్లలో అవి ఒక్కనాడూ పనిచెయ్యలేదు. నబ్విరె దిద్దేసింది. ఆ సంగతి ఎక్కడా ఒక్క ముక్క రాయలేదు.

ఫోను చేశాడు. "ఆ తప్పు చూశావు కదూ?"

"చూశాను సెబో."

"మరి చెప్పలేదేం?"

"అందరూ చదివే చోటు కదండీ. మీ కోడు చదివే నేనీ పని నేర్చుకున్నాను. ఎలా రాయను?"

పని తనకన్నా బాగా చేసిందంటే ఎలాగో ఓర్చుకునేవాడు. మనసు కూడా తనకన్నా పెద్దదై ఉండాలా?

మధ్యాహ్నానికి మార్పు కలిపేసి, కింద స్వయంగా రాశాడు: "ఆరేళ్ల తప్పు నాది. దిద్దింది నబ్విరె." మెప్పులన్నీ ఆమెకే వచ్చాయి. ఒక్కటీ వదలకుండా చదివాడు, చదివిన ప్రతిదానికీ చివుక్కుమంటూనే. నెల తిరక్కుండా ఆమెకు తనతో సమానంగా కోడులో మార్పులు కలిపే అధికారం ఇచ్చాడు.

"అయితే కుళ్లు పోయిందన్నమాట," అన్నాడు ఓపియో.

"ఎక్కడ పోయింది? కాకపోతే ఆమె పంపినవి ఇప్పుడు ఆరోజే చదువుతున్నాను."