గీత లోపలి గుడ్డ

పెద్ద కంపెనీ గెలిచింది సరుకు బాగుండి కాదు. గుడ్డ కత్తిరించే యంత్రం కొన్న ప్రతి దర్జీకీ తన కంప్యూటర్ ప్రోగ్రాంను ఉచితంగా అంటగట్టి గెలిచింది. ఇందులో వాదించడానికేమీ లేదని ఆయన ఎప్పుడో తేల్చేశాడు.

ఆయన చదివింది ఊరిబడిలో. కంప్యూటర్ పని పడుతూ లేస్తూ సొంతంగా నేర్చుకున్నాడు. భార్య దర్జీ. ఆమె కాగితం మీద గీసే కోటు నమూనాలను తెరమీద గీసే ప్రోగ్రాం ఒకటి రాశాడు. చంక వంపులో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆమె ఊరుకునేది కాదు. "ఇది కోటా, గోనెసంచా?" అనేది. ఆయన వెంటనే తిరగరాసేవాడు. చుట్టుపక్కల దర్జీలంతా దాన్నే వాడారు.

తర్వాత పెద్ద కంపెనీ దిగింది. దాని ప్రోగ్రాం ఈయన ఫైళ్లను కూడా తెరిచేది. పాత పని ఎక్కడికీ పోదన్న ధైర్యంతో దర్జీలు ఒక్కొక్కరే అటు జారుకున్నారు. "మన గోడకే నిచ్చెన వేసి మనవాళ్లను దింపుకుపోయారు" అనేవాడు ఆయన. దుకాణం మూతపడింది. ఆ తర్వాత భార్య పోయింది. రెండింటికీ ఆయన ఎవరినీ క్షమించలేదు.

ఇప్పుడు కూతురికి కోటు కావాలి.

ఆమె వకీలు. పుట్టుకతోనే ఎడమ భుజం కిందికి వాలి ఉంటుంది. అమ్మ కుట్టిన కోటు వేసుకుంటే ఆ వాలు ఎవరి కంటా పడేది కాదు. లోపలి అస్తరు మారుస్తానన్న దర్జీ ఒకడు దాన్ని విప్పి, తనకు తోచినట్టు కత్తిరించి, పాడుచేసి ఇచ్చాడు. సోమవారం పెద్ద కోర్టులో ఆమె మొదటిసారి వాదించాలి. కొన్న కోట్లన్నీ భుజం దగ్గర లేచి నిలబడుతున్నాయి.

"నేను వెళ్లను. ఇంకొకరిని పంపమంటాను" అంది అద్దం ముందునుంచి తప్పుకుంటూ.

అమ్మ గీసిన నమూనా ఫైలు భద్రంగానే ఉంది. దాన్ని తెరిచే పాత కంప్యూటరే ఎప్పుడో కన్నుమూసింది. అల్లుడు తన లాప్‌టాప్ పట్టుకొచ్చాడు.

"మామయ్యా, దీన్ని తెరిచే ప్రోగ్రాం లోకంలో ఒక్కటే ఉంది."

"దాని పేరెత్తకు."

"ఎత్తను. తెరుస్తాను, అంతే. దాని పనితనం మాత్రం బాగుంటుంది."

"వాళ్ల మొహానికి పనితనం కూడానా? అంతా బేరం."

"దాహమేసినప్పుడు బావి ఎవడు తవ్వాడని అడుగుతామా మామయ్యా?"

"అడుగుతాం. మన బావి పూడ్చి తవ్వినవాడైతే."

కూతురు గుమ్మంలోంచి అంది. "నాన్నా, మీ పగ తెచ్చి నా భుజాన పెట్టకండి. అది ఇప్పటికే వంగి ఉంది."

ఆయన కుర్చీ తెరకు దగ్గరగా జరుపుకున్నాడు.

ఫైలు తెరుచుకుంది. కుడి భుజం ఒక తీరు, ఎడమ భుజం ఒక తీరు. అచ్చం భార్య చెయ్యే. వాటి పైన చిన్న పెట్టె ఒకటి వచ్చింది. 'ఈ ఫైలులో కుట్టుకు వదిలిన గుడ్డ గీతకు లోపలే ఉంది. అలాగే ఉంచాలా?'

అల్లుడు 'కాదు' నొక్కబోయాడు.

"ఆగు!"

ఆయన ఎరిగిన దర్జీలందరూ కుట్టులోకి పోయే ఆ గుడ్డను గీత బయట వదిలేవారు. భార్య ఒక్కతే దాన్ని లోపలే కలిపి గీసేది. వాళ్లమ్మ అలా నేర్పింది. ప్రోగ్రాంను కూడా ఆయన ఆ అలవాటు ప్రకారమే రాశాడు. 'కాదు' అని నొక్కితే చుట్టూ మరికొంత గుడ్డ చేరేది, భుజం మళ్లీ లేచేది.

ఈ సంగతి ఆయన ఎక్కడా రాసి పెట్టలేదు. ఆ ప్రోగ్రాంతో కోటు గీసి, కత్తిరించి, కుట్టి చూసినవారికే తెలుస్తుంది. ఆ కంపెనీలో ఎక్కడో ఎవరో కూర్చుని అంత పనీ చేశారు. పాత ఫైళ్లు తెరిచే ఈ తలుపు బేరం కోసమే పెట్టారు, నిజమే. దర్జీలంతా లోపలికి వచ్చేశాక దానితో ఏం పని? అయినా ఇన్నేళ్లూ తుప్పు పట్టకుండా చూస్తూనే ఉన్నారు.

"మామయ్యా, ఏం నొక్కను?"

"అలాగే ఉంచమను."

కోటు కుట్టింది వీధి చివరి దర్జీ. అందరికన్నా ముందు కంపెనీ వైపు జారుకున్నవాడు. తనే తీసుకొచ్చి ఇచ్చాడు. "గీత చూడగానే తెలిసిపోయింది అన్నయ్యా. ఇది వదిన చెయ్యి." ఆయన అతనికి కుర్చీ వేయలేదు గానీ, మంచినీళ్లిచ్చాడు.

కూతురు కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. భుజాలు రెండూ సమంగా ఉన్నాయి. జడ్జి ఎదుట ఉన్నట్టు చెయ్యెత్తి చూసుకుంది. కోటు కదల్లేదు.

"సోమవారం నేనే వెళ్తాను నాన్నా."

ఆయన తల తిప్పుకున్నాడు. ముఖమెరుగని ఆ మనిషికి మనసులోనే చేతులెత్తి మొక్కాడు. నీ చెయ్యి చల్లగా ఉండాలి. కంపెనీది కాదు, నీది.

అల్లుడు ఊరుకోలేదు. "ఇప్పుడు చెప్పండి మామయ్యా. బేరమా, పనితనమా?"

"బేరంతోనే గెలిచారు. ఆ మాట మారదు."

"మరి ఆ పెట్టె?"

"గెలిచాక కూడా పని మానని మనిషి ఒకరున్నారు."

"అంటే..."

"అంటే లేదు, గింటే లేదు. ఆ కంపెనీ ఊసు ఇక నా నోట రాదు. తిట్టడానికైనా సరే."